గార్డు జకర్యా కొన్న పడవ

బోయిగూడలో జకర్యా అంటే ఏ జకర్యా అని అడుగుతారు గానీ, గార్డు జకర్యా అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకెళ్లి ఇల్లు చూపిస్తారు. రైల్వే వాళ్లు ఈమధ్య ఆ ఉద్యోగానికి ట్రెయిన్ మేనేజర్ అని పెద్ద పేరు పెట్టారు. పేరు మారింది గానీ కూర్చునే చోటు మారలేదు. గూడ్సు బండికి చిట్టచివర, ఊగిపోయే డబ్బాలో, ఒక్కడే. పలకరిద్దామంటే మనిషి ఉండడు. అందుకని జకర్యా ఏళ్ల తరబడి కీర్తనలు పాడుకుంటూ డ్యూటీ చేశాడు. బండి చప్పుడును దాటి తన పాట తనకు వినపడాలి కాబట్టి గొంతెత్తి పాడాడు. అలా ముదిరిన గొంతుతో ఇప్పుడు ఇంట్లో మంచినీళ్లు అడిగినా పక్కింటివాళ్లు తలుపు తీసి చూస్తారు.

ఆ గొంతు వల్లే చర్చిలో అతనికో పదవి కూడా వచ్చింది. ఏటా కోతల పండుగకి సంఘంవాళ్లు తెచ్చిన గుమ్మడికాయలూ, అరటిగెలలూ, కోళ్లూ, బియ్యం బస్తాలూ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ వేలం నడిపేది జకర్యా. మైకు ఇస్తారు, అతను పక్కన పెడతాడు. "ఒకటోసారి" అంటే గేటు అవతల ఆటోవాళ్లు కూడా ఆగి వింటారు.

ఇంత మంచి మనిషికి ఒక్కటే జబ్బు. పాత సామాను కొంటాడు. కొట్లో కొత్తగా మెరిసే వస్తువును కన్నెత్తి చూడడు. ఎవరో వాడి, విసిగి, మూలన పడేసింది కనపడితే మాత్రం మనసు కరిగిపోతుంది. సగం మెట్లు పలకని హార్మోనియం అలాగే వచ్చింది. బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాని వ్యాయామం సైకిలు వచ్చింది. ఎదురింటి నీళ్ల ట్యాంకు తప్ప లోకంలో ఇంకేదీ చూపించని దుర్భిణి కూడా వచ్చింది. అతని భార్య మేబెల్ ఒక స్కూల్లో లెక్కల టీచరు. గేటు ముందు ట్రాలీ ఆగిన చప్పుడైతే చాలు, వంటింట్లోంచే "ఈసారి ఏం దించుతున్నారు?" అని అడిగేది. ఆ గొంతులో కోపం ఎప్పుడో అయిపోయింది, అలసట ఒక్కటే మిగిలింది.

ఆ సామాన్లన్నిటిలోకీ బుద్ధిగా కొన్నది టేకు డైనింగ్ టేబులు ఒక్కటే. నాలుగు కుర్చీలు, ఇంట్లో నలుగురు మనుషులు. జకర్యా లెక్క సరిగ్గానే ఉంది. మనుషులే కుదరలేదు. మేబెల్‌కి సాయంత్రం నుంచి రాత్రి అన్నాలవేళ దాకా ట్యూషన్లు. కూతురు ఫెయిత్ నర్సు, డ్యూటీ పగలో రాత్రో ఆ వారం గడిస్తేగాని తెలియదు. కొడుకు రోనాల్డ్ ఊరంతా పడుకున్నాక కంపెనీ క్యాబ్ ఎక్కుతాడు. జకర్యా బండి ఏ స్టేషన్ బయట ఎంతసేపు నిలబడుతుందో పైవాడికే తెలియాలి. "కూర ఫ్రిజ్‌లో ఉంది" అన్నదే ఆ ఇంట్లో ఎక్కువగా నడిచే మాట, అదీ ఫోన్లో. ఎప్పుడైనా ముగ్గురు కూర్చుంటే, నాలుగోవాళ్లు వచ్చేసరికి ఇద్దరు లేచిపోతారు. పోయిన క్రిస్మస్‌కి కేకు కూడా విడివిడిగానే తిన్నారు. జకర్యా ఆ రోజు తన ముక్కను ఒంటరిగా తింటూ, తను ఇంట్లో ఉన్నా బండి చివరే కూర్చున్నట్టుందని బాధపడ్డాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి అతని బండి సిగ్నల్ దొరక్క ఒక చెరువు పక్కన ఆగింది. చెరువు మధ్యలో పడవ, అందులో జాలరి కుటుంబం. మొగుడూ పెళ్లాం దేనికో గట్టిగా పోట్లాడుకుంటున్నారు. పిల్లలు గిన్నెలో అన్నం కలుపుకుంటున్నారు. పెళ్లాం కోపంగా అటు తిరిగి కూర్చుంది. ఎంత తిరిగినా పడవ దాటి పోలేదు గదా, కాసేపటికి మళ్లీ ఇటు తిరిగింది. ఆ తర్వాత నలుగురూ ఒకే గిన్నెలో తిన్నారు. జకర్యా ఆ దృశ్యం మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. పచ్చ సిగ్నల్ పడ్డాక జెండా ఊపడం కూడా కాస్త ఆలస్యమైంది.

ఇంటికొచ్చి అసలు సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం. పడవ కొందామనుకుంటున్నా, సెలవు రోజుల్లో అందరం సరదాగా చెరువుకి పోవచ్చు, గాలం వేసి చేపలు పట్టుకోవచ్చు, మార్కెట్లో ఐసు చేపలు తిని తిని నాలుక చచ్చిపోయిందని మాత్రం చెప్పాడు. మేబెల్ చేతిలో పేపర్లు దిద్దుతూ విని, బోయిగూడలో చెరువెక్కడుందండీ అని ఒక్కటే ప్రశ్న వేసింది. రోనాల్డ్ ఫోన్లోంచి తలెత్తకుండానే, దుర్భిణి ఉందిగా డాడీ, వెతుకుదాం అన్నాడు. ఫెయిత్ అప్పటికే చెప్పులేసుకుంటోంది.

పడవ యాప్రాల్‌లో దొరికింది. ఇవాన్ అని, మిలిటరీలో ఇంజనీరు పని చేసి రిటైరైన పెద్దమనిషి. ఇల్లు అమ్మి అపార్ట్‌మెంట్‌కి మారుతున్నాడు. మూడో అంతస్తుకి పడవ ఎక్కదు గనక అమ్ముతున్నాడు. జకర్యా తన చిన్నప్పటి దోస్తు తిరుమల్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు. తిరుమల్‌ది చిలకలగూడ. సొంత ట్రాలీ ఆటో నడుపుతాడు. జకర్యా ఇంటికి చేరిన ప్రతి పాత సామానూ అతని బండిలోనే చేరింది కాబట్టి మేబెల్ దృష్టిలో అతనూ సగం నేరస్థుడే.

తెల్లటి ఫైబర్ పడవ, రెండు తెడ్లు, కూర్చోడానికి అడ్డంగా పలకలు. పక్కన నీలం అక్షరాలతో క్యారల్ అని రాసుంది. అది ఇవాన్ భార్య పేరు. ఆవిడ వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, పేరు పెట్టడానికి ఉన్న తొందర తనని ఎక్కించడానికి ఎప్పుడూ లేదని మొగుడి మీద చెప్పింది. జకర్యా నవ్వాడు గానీ ఆ మాట అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

తిరుమల్ పడవ చుట్టూ తిరిగి, వంగి, వేళ్లతో కొట్టి చూశాడు.

"అన్నా, గిది ఈదుతదా మునుగుతదా, ఈడ నీళ్లే లేవు, ఎట్ల తెల్వాలె? జెర సార్‌ని అడుగు."

దానికి చెరువు దాకా పోనక్కర్లేదని ఇవాన్ చెప్పాడు. పడవను నీళ్లలో పెట్టే బదులు నీళ్లనే పడవలో పోసి, అడుగున ఎక్కడ చెమ్మ దిగుతుందో చూస్తే చాలట. రాళ్ల మీద ఎత్తి నిలబెట్టిన పడవలోకి పైపు వదిలారు. అది ట్యాంకర్ నీళ్ల కాలనీ. పడవ సగం నిండేసరికి క్యారల్‌కి బఠాణీలు ఒలిచే చెయ్యి ఆగిపోయింది. వెనకవైపు, ఒకప్పుడు మోటారు బిగించిన రంధ్రాల దగ్గర, సన్నగా ఒక చుక్క దిగింది. జకర్యా ఆ చుక్కను చూసి మురిసిపోయాడు. లోపం లేని వస్తువును అతను ఎన్నడూ ఇంటికి తీసుకెళ్లలేదు మరి. ఇవాన్ అప్పటికప్పుడు ఫైబర్ గుడ్డ, జిగురు తెచ్చి అతుకు వేయడం నేర్పించాడు. పడవలో నీళ్లు బకెట్లతో తోడి క్యారల్ మొక్కలకి పోశాక గాని ఆవిడ మొహం తేటపడలేదు. బేరం ఇట్టే కుదిరిపోయింది.

అతుకు ఆరాక, శనివారం మధ్యాహ్నం పడవను ట్రాలీ ఎక్కించారు. పడవ పొడుగు, ట్రాలీ పొట్టి. వెనక వేలాడుతున్న కొసకు ఎర్రగుడ్డ కట్టారు. ముందు కూర్చోమంటే జకర్యా వినలేదు. అలవాటు ప్రకారం వెనకే నిలబడి, ట్రాఫిక్ ఆగినచోట చెయ్యి అడ్డం పెట్టి, దారి దొరికినచోట "రైట్" అని కేక వేసుకుంటూ వచ్చాడు. నేరెడ్‌మెట్‌లో కానిస్టేబుల్ ఆపి, వానాకాలం అయిపోయింది గదా పెద్దాయనా, ఇప్పుడెందుకని అడిగి, తనే నవ్వుకుని వదిలేశాడు.

అక్కడే టీ తాగడానికి ఆగారు. తిరుమల్ సాసర్లో టీ ఊదుకుంటూ అడిగాడు.

"నాకు నిజం చెప్పన్నా. నీకు చేపంటే మార్కెట్ల కొనుడే తెల్సు. గాలం సుత పట్టుకోలే నువ్వు ఎన్నడు. ఎందుకు కొన్నవ్ గిది?"

జకర్యా ఇటూ అటూ చూశాడు. "టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు లేచిపోతారు తిరుమల్. సోఫాలో కూర్చున్నా లేచిపోతారు. పడవలో చెరువు మధ్యకి పోయామనుకో, ఎవరు లేస్తారు? ఒక్క పూట. నలుగురం ఒకచోట. అంతే."

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేనెందుకు చెప్తనన్నా అని తిరుమల్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

ఇల్లు చేరడమే మిగిలింది. జకర్యా తెలివైనవాడే. పడవను కొలిచాడు, ట్రాలీని కొలిచాడు, ఇంటి గేటునూ కొలిచాడు. గల్లీలో ఇంటికి ముందు ఒక మలుపు ఉందన్న సంగతి మాత్రం మర్చిపోయాడు. పడవ మూతి కరెంటు స్తంభానికీ, వెనక భాగం పాలాయన గోడకీ ఆనుకుని బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. గల్లీలో బళ్లు ఆగిపోయాయి. స్తంభం జరపమని ఒకరు, గోడ కొట్టమని ఒకరు, పడవ కోసెయ్యమని ఒకరు సలహాలిచ్చారు. జకర్యా పాలాయనతో గోడ సున్నం గురించి వాదిస్తుండగానే మేబెల్ వచ్చి చూసి పోయింది. ఫెయిత్ డ్యూటీకి పోతూ ఆగి చూసి పోయింది. రోనాల్డ్ నిద్రకళ్లతో వచ్చి, తాడు పట్టుకుని లాగి, మళ్లీ పోయాడు. తిరుమల్ తీరిగ్గా స్టీరింగ్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లతో వచ్చినట్టు కబుర్లు చెప్పాడు.

చివరికి ఎలాగో వెనక్కి లాగారు. ఇక పెట్టే చోటు లేదు. జకర్యా చర్చి అయ్యగారికి ఫోన్ చేసి, సోమవారం దాకా ఆవరణలో ఉంచుకోనివ్వమని బతిమాలాడు. దానిదేముంది, ఉంచండి జకర్యా గారూ, ప్రభువు స్థలమే గదా అన్నారాయన. ఆవరణంతా మర్నాటి కోతల పండుగ పందిరితో నిండిపోయి ఉంది. ట్రాలీ తిరిగే జాగా ఒక్క పందిరి ముందే దొరికింది. పడవను అక్కడే దించారు.

జకర్యా వెళ్లిపోదామంటే తిరుమల్ కదల్లేదు. కొత్త బండి కొని దండ వెయ్యకుండా వదిలేస్తే ఎట్ల అన్నాడు. బండి కాదయ్యా, అదీ కొత్తది కాదయ్యా అన్నా వినలేదు. చర్చి గనక కొబ్బరికాయ గేటు బయట రోడ్డు మీద కొట్టి, తన మర్యాద తను నిలబెట్టుకున్నాడు. లోపలికొచ్చి పడవ మూతికి మూరలకొద్దీ బంతిపూల దండ చుట్టాడు. కింద పెట్టి తొక్కించడానికి చక్రాలు లేవు కాబట్టి నిమ్మకాయలు పడవలోనే పెట్టాడు. దోస్తు ప్రేమగా చేస్తుంటే కాదనడం దేనికని జకర్యా ఊరుకున్నాడు. ఊరుకోవడమే పొరపాటైంది.

కాసేపటికి చర్చి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి వాళ్లు పందిరి అలంకరించడానికి వచ్చారు. వాళ్ల పెద్ద సీతారత్నం గారు. పందిరి ముందు పూలదండతో పడవ, అందులో నిమ్మకాయలు. కోతల పండుగకి ముందురోజు పందిరి ముందు దండ వేసి పెట్టినదాన్ని ఎవరైనా ఏమనుకుంటారు? ఆవిడ కళ్లు చెమర్చాయి. సుద్దముక్కతో పడవ పక్కన కానుక గుర్తు వేసింది. మిగతావాళ్లు దాని నిండా గుమ్మడికాయలు పేర్చారు.

ఆదివారం ఉదయం జకర్యా గుమ్మడికాయలు చూసి, పోనీలే, బుట్టలా వాడుకున్నారనుకుని సంతోషించాడు. ఆరాధన చివర అయ్యగారు, సుద్ద గుర్తు చూసి జకర్యా మనసు మార్చుకున్నాడనుకుని, కానుకల మీద ప్రార్థన చేస్తూ, కొందరు పండించినది తెచ్చారు, కొందరు పెంచినది తెచ్చారు, మన సహోదరుడు జకర్యా ఎంతో ఇష్టపడి కొన్న పడవనే తెచ్చి నీ ముందు పెట్టాడు తండ్రీ అనేసరికి అతను టక్కున కళ్లు తెరిచాడు. సంఘమంతా ఆమేన్ అంది. వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

లేచి, అయ్యా, అది కానుక కాదు, ఊరికే పెట్టుకున్నాను అంటే సరిపోను. ఆ మాట అనడానికి అతనికే నోరు లేదు, ఎందుకంటే పోయిన ఏడు ఇదే పందిట్లో సీతారత్నం గారి పెంపుడు కోడి తాడు తెంపుకొచ్చి కానుకల మధ్య చేరింది. అది మా ఇంటిదండీ అని ఆవిడ మొత్తుకుంటే, పందిట్లోకి వచ్చిందంటే దేవుడి సొమ్మే సీతారత్నం గారూ అని గొంతెత్తి చెప్పి, అందరినీ నవ్వించి, ఆవిడ కోడిని ఆవిడకే వేలంపాట పెట్టి అమ్మాడు. సంఘం ఏడాది పాటు ఆ ముచ్చట చెప్పుకుంది. ఇప్పుడు సీతారత్నం గారు ముందు వరసలో కూర్చుని అతని వైపే ఎంతో గౌరవంగా చూస్తోంది.

ఇంకో చిక్కుంది. వేలం నడిపేవాడు తను పాట పాడకూడదు. అది పెద్దల నాటి నుంచి ఉన్న కట్టుబాటు.

గుమ్మడికాయలు అయిపోయాయి, అరటిగెలలు అయిపోయాయి, కోళ్లు అయిపోయాయి. జకర్యా వాటిని ఎంత సాగదీయాలో అంత సాగదీశాడు. చివరికి పడవ వంతు వచ్చింది. మొదటి చెయ్యి జెఫ్రీది. ఊరి బయట ఫంక్షన్ హాలు ఉన్నవాడు. పక్కవాళ్లతో చెబుతున్నాడు, గేటు దగ్గర పెట్టి, మట్టి నింపి, గులాబీలు వేయిస్తాడట. పడవలో మట్టి. జకర్యాకి యాప్రాల్ వరండాలో బఠాణీలు ఒలిచే ఆవిడ మాట గుర్తొచ్చింది. పడవలు కొన్నవాళ్లందరి గతీ ఇంతే కాబోలు, ఎవరినీ ఎక్కించకుండానే పోతుంది అనుకున్నాడు. ఏడుపొచ్చింది. గూడ్సు బండి చప్పుడును గెలిచిన గొంతు ఆ రోజు "ఒకటోసారి" అంటే పందిరి చివరి వరసకు చేరలేదు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. మేబెల్.

వంటింటి గట్టుకి రాయి వేయిద్దామని ట్యూషన్ డబ్బులు కూడబెట్టుకుంటున్న మేబెల్, ఏ పాత సామానూ ఇంటికి రావొద్దన్న మేబెల్, స్తంభం చాటున కూర్చుని చెయ్యెత్తింది. జకర్యా తన కళ్లను తనే నమ్మలేదు. మామూలుగా ఎవరు పాడితే వాళ్ల పేరు చెబుతాడు. ఈసారి పేరు చెప్పడమే మర్చిపోయాడు. అంకె ఒక్కటే చెప్పాడు.

జెఫ్రీ పెంచాడు. ఈసారి షామియానా వెనక, జనరేటర్ పక్కన, సౌండ్ చూసుకుంటున్న రోనాల్డ్ చెయ్యెత్తాడు. వాడికి తల్లి కనపడదు, తల్లికి వాడు కనపడడు. జకర్యా మళ్లీ అంకె చెప్పాడు. జెఫ్రీ ఇంకొంచెం పెంచాడు. అంతలో గేటులో కలకలం. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన ఫెయిత్, యూనిఫాం మీద స్వెటర్‌తో, జనం వెనక మునివేళ్ల మీద నిలబడి, రెండు చేతులూ ఎత్తేసింది.

గులాబీలకు ఇంత ఖర్చు అనవసరమని జెఫ్రీ కూర్చున్నాడు. అక్కడితో అయిపోవాలి. కానీ మేబెల్ ఆ అంకె విని, ఎవరో పెద్ద ఆసామి పడవ ఎత్తుకుపోతున్నాడనుకుని మళ్లీ పెంచింది. అది విని రోనాల్డ్ పెంచాడు. అది విని ఫెయిత్ పెంచింది. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మనసులో ఏముందో ఒకరికి తెలియని ముగ్గురు, ఒకరినొకరు చూసుకోకుండా, ఒకే పడవ కోసం ఒకరి మీద ఒకరు పాడుకుంటున్నారు. చర్చి మెట్ల మీద నిలబడ్డ జకర్యాకి ఒక్కడికే ముగ్గురూ కనిపిస్తున్నారు. అతనికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి, ఇల్లు గుల్లయిపోతుందన్న భయమూ వచ్చింది. భార్యకి కనుబొమలతో సైగ చేశాడు. ధైర్యం చెబుతున్నాడనుకుని ఆవిడ ఇంకా పెంచింది.

జనానికి సంగతి అర్థమై నవ్వు మొదలైంది. జకర్యా ఇక ఆగలేదు. ఒకటోసారి రెండోసారి మూడోసారి అని ఊపిరి తీయకుండా ఒక్క ముక్కలో అనేసి చేత్తో బల్ల మీద చరిచాడు. ఆ గొంతు అప్పుడు మాత్రం రోడ్డు దాకా పోయింది.

లెక్క రాసుకునేవాడు పెన్ను పట్టుకుని, పాట ఎవరిది జకర్యా గారూ అని అడిగాడు.

"మా ఇంటిది," అన్నాడు జకర్యా.

సీతారత్నం గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కోడి బాకీ తీరిపోయిందని ఆవిడ మొహంలో స్పష్టంగా కనిపించింది. అంతా అయ్యాక నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నారా అంటే, లేదు. ఫెయిత్ నిద్ర ఆగక ఇంటికి పోయింది. రోనాల్డ్ స్పీకర్లు విప్పుతూ ఉండిపోయాడు. మేబెల్‌కి పరీక్షల ముందు ప్రత్యేక ట్యూషన్. నువ్వెందుకు పాడావని ఎవరినీ ఎవరూ అడగలేదు. పాట డబ్బు ముగ్గురూ పంచుకుని కట్టారు, అదీ ఫోన్లోనే.

క్రిస్మస్ హడావుడి మొదలవకముందే ఒక రోజు కుదిరింది. ఫెయిత్ తోటి నర్సుని బతిమాలి డ్యూటీ మార్చుకుంది. రోనాల్డ్ కంపెనీకి ఒంట్లో బాగాలేదని చెప్పాడు. మేబెల్ పెళ్లయ్యాక మొదటిసారి ట్యూషన్ మానేసింది. శామీర్‌పేట దాటాక తిరుమల్ బామ్మర్ది ఊళ్లో చెరువు ఉంది. అక్కడి మత్స్య సంఘం పెద్దాయన, గాలం వేసుకోండి, వల మాత్రం వెయ్యొద్దు అన్న షరతుతో ఒప్పుకున్నాడు. ఫెయిత్ పట్టుబట్టి అందరికీ నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడిగింది. మేబెల్ పట్టుచీర మీద జాకెట్, దాని మీద హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, అచ్చం స్కూల్ ఇన్‌స్పెక్షన్‌కి పోతున్నట్టు పడవెక్కింది. తిరుమల్ గట్టు మీద ఉండిపోయి పడవను తోశాడు.

మొదటి అరగంట నరకం. తెడ్డు వేయడం ఎవరికీ రాదు, పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. రోనాల్డ్ ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఎరలు డబ్బాలోంచి పాకి ఫెయిత్ చెప్పుల్లోకి చేరాయి. నీడ ఎటు ఉందో చూసుకోలేదని మేబెల్ అంది. ఆ మాట మీంచి పాత సామాను దాకా, అక్కణ్ణించి పెళ్లినాటి సంగతుల దాకా పోయింది. జకర్యా జవాబిచ్చాడు. పిల్లలు చెరోవైపు చేరారు. గొడవ బాగా ముదిరినప్పుడు రోనాల్డ్ అలవాటుగా విసురుగా లేచాడు. పడవ ఊగింది, మళ్లీ కూర్చున్నాడు. నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వేశారు.

చేపలు మాత్రం దగ్గరికి రాలేదు. చాలాసేపటికి జకర్యా గాలానికి వేలెడంత జెల్ల చేప ఒకటి పడింది. దాన్ని అందరూ తలోసారి చూసి నీళ్లలో వదిలేశారు. మేబెల్ క్యారియర్ విప్పింది. అందులో చేపల పులుసు ఉంది. ముందురోజే రాంనగర్ మార్కెట్ నుంచి తెచ్చి వండిందట. మొగుడి గాలం మీద ఆవిడకు అంత నమ్మకం. ఒకే గిన్నెలోంచి తింటుండగా ఫెయిత్ అడిగింది.

"మమ్మీ, ఆ రోజు వేలంలో నువ్వెందుకు చెయ్యెత్తావు?"

మేబెల్ ముల్లు తీసి పక్కన పెట్టింది. "గల్లీలో పడవ ఇరుక్కున్నప్పుడు తిరుమల్ చెప్పాడు. మీ డాడీ ఇది ఎందుకు కొన్నారో."

"నాకూ ఆయనే చెప్పాడు," అన్నాడు రోనాల్డ్. "ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఫెయిత్‌కి కూడా అలాగే చెప్పాడట. ముగ్గురూ గట్టు వైపు చూశారు. దూరంగా, చెట్టుకింద, ఒట్టేసిన మనిషి హాయిగా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తర్వాత ముగ్గురూ జకర్యా వైపు తిరిగారు. అతను ఖాళీ గాలం చేతిలో పట్టుకుని దానివైపే చూస్తున్నాడు.

"ఇంట్లో చెబితే నవ్వుతారనుకున్నాను," అన్నాడు. ఆ గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే రోనాల్డ్ ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. ఫెయిత్ ఇంకో చేప ముక్క తీసి తండ్రి చేతిలో పెట్టింది. జకర్యాకి కడుపు కంటే ముందు మనసు నిండిపోయింది. ఇన్నేళ్లలో ఇంత సంతోషం అతనికి గుర్తులేదు. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడారు. రోనాల్డ్‌కి ఆ రాత్రి ఉద్యోగం నచ్చలేదనీ, ఫెయిత్‌కి వార్డులో ఒక ముసలమ్మ పాటలు నేర్పుతోందనీ, మేబెల్‌కి చిన్నప్పటి నుంచి పడవెక్కాలని ఉండేదనీ జకర్యాకి అప్పుడే తెలిసింది.

ఎండ వాలి నీళ్ల మీద ఎర్రబడింది. ఉద్యోగం చేసే మనిషి గనక జకర్యా వాచీ చూసుకున్నాడు. చీకటి పడేలోగా బయల్దేరితే మంచిదని లేచి తెడ్డు తీసుకోబోయాడు. మేబెల్ అతని చేతిలోంచి తెడ్డు అందుకుంది. దాన్ని పడవ అడుగున పెట్టి, పైన తన హ్యాండ్‌బ్యాగు పెట్టింది.

"ఇప్పుడు ఎవరూ లేవట్లేదు," అంది. "మీరూ కూర్చోండి."

జకర్యా కూర్చున్నాడు.